గోల్‌బజార్ స్పాంజి ముక్క

ఈ రోజు నా సంతోషం మీ అందరికీ చెప్పకపోతే నాకు అన్నం దిగదు.

మా అబ్బాయి గూడ్సు గార్డు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందని కలకత్తా డాక్టరు పడుకున్నంతసేపూ ముక్కుకి తొడుగు పెట్టి గాలి ఊదే సీప్యాప్ అనే మిషన్ పెట్టించాడు. మా తమ్ముడు ఇలాగే గురక ఆగి నిద్రలోనే పోయాడు. ఆ రోజు పక్క మంచం మీద నేనే ఉన్నాను.

పొద్దున మిషన్ వెనక గాలి వడపోసే స్పాంజిని ఉతికి ఆరేశాను. అది ఆరకముందే అబ్బాయి వచ్చి పడుకున్నాడు. మా ఊరి గోల్‌బజార్‌లో కొన్న గిన్నెలు తోమే స్పాంజి కోసి పెట్టేశాను. రోజూలాగే తలుపు బయట కుర్చీ వేసుకుని వింటుంటే, కాసేపటికి మిషన్ గొంతు బరువెక్కింది. ముప్పై ఏళ్లు సుత్తితో రైలు చక్రాలు కొట్టి, చప్పుడును బట్టి పగుళ్లు పట్టినవాణ్ణి, నాకు తెలియదా. ఇంతలో గురక మొదలై టక్కున ఆగింది. తమ్ముడి మంచం కళ్ల ముందుకొచ్చింది. పరుగున వెళ్లి ఆ ముక్క పీకి, అప్పటికి ఆరిన అసలుది పెట్టాను. మిషన్ గొంతు తేలికైంది. వాడు ఊపిరి పీల్చాడు, నా తండ్రే.

సాయంత్రం లేచి ఆ ముక్క చూశాడు.

"ఏటి నాన్నా, గిన్నెలు తోమేది నా ముక్కుకి పెట్టినావా?"

"మెత్తగున్నాదని పెట్టినానురా. మందం సూడలేదు."

"నయమే, కొబ్బరి పీచు పెట్టలేదు."

వాడు నవ్వుతూ టీ తాగుతుంటే నా కడుపు నిండిపోయింది. కానీ గురక ఆగిన ఆ క్షణం ఇంకా నా చెవిలోనే ఉంది. రేపూ తలుపు బయట కుర్చీ వేసుకుంటాను. మీ ఇళ్లలోనూ ఇలా ఒకరి నిద్రను వింటూ కూర్చునేవాళ్లు ఉన్నారా?