రివాల్వర్ మీద గంధం మచ్చ

పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో ఒక స్నేహితుడింట భోజనాలయ్యాక అతను కొత్తగా కొన్న పిస్తోలు తెచ్చి చూపించాడు. సగానికి పైగా ప్లాస్టిక్కే, బరువన్నదే లేదు. చుట్టూ చేరిన కుర్రాళ్ళు దానికి ఏ లైటు బిగించాలి, ఏ పిడి మార్చాలి అని వాదించుకుంటుంటే, నా అరచేతికి మాత్రం మా ఇంట్లో ఉన్న పాత రివాల్వర్ బరువు గుర్తొచ్చి, కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను. నా వయసు వాళ్ళకైతే చెప్పినా నవ్వరనే ధైర్యంతో రాస్తున్నాను.

అది కొన్నది రెండు వేల ఏడు ప్రాంతంలో, గ్రీన్ కార్డ్ వచ్చి, కమ్మింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, ఇక స్థిరపడ్డామని అందరూ అనుకుంటున్న రోజుల్లో. నాకు మాత్రం కాలు నిలిచేది కాదు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. రోజంతా పనిచేసినా చేతికి ఏదీ తగలని ఉద్యోగం. ఆ చిరాకంతా ఇంటి మీద చూపించేవాణ్ణి. వంటింటి అరలు పీకి మళ్ళీ బిగించాను, కారు చక్రాలు మార్చాను, శుభ్రంగా ఉన్న గోడలకి రంగు వేసి, నచ్చక ఇంకో రంగు వేశాను. అలాంటప్పుడు ఒక శనివారం ఊళ్ళో గన్ షాపు అద్దాల బల్లలో, నేను పుట్టకముందు తయారైన ఆ రివాల్వర్ కనిపించింది. సిలిండర్ వేలితో తిప్పితే టక్కుమని తన చోట నిలబడింది. ఆ చప్పుడు విన్నాక నేను మామూలు మనిషిని కాలేకపోయాను. ఇంటికి తెస్తే, చిన్నపిల్ల ఉన్న కొంపలో ఇదేం పిచ్చి అని మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఇనప పెట్టె కొని, తూటా అన్నది గడప దాటి రాదని మాటిచ్చాక గానీ ఊరుకోలేదు.

తీరా తెచ్చాక దాన్నీ ఉన్నదున్నట్టు ఉంచబుద్ధి కాలేదు. ఉక్కు మీది నీలిపూత అంచుల్లో అరిగిపోయింది, చెక్క పిడి నిండా గీతలు. మెరుగు పెట్టించి, నికెల్ పూత వేయించి, కొత్త పిడి బిగిస్తే తళతళలాడుతుందని నా ఆలోచన. ఇలాంటివి సేకరించే పక్కింటి అమెరికన్ పెద్దాయన ఆ మాట వింటూనే తల పట్టుకున్నాడు. అసలు పూత గీకేస్తే ఇక దాన్ని కొన్నదెందుకు, నూనె రాసి వదిలెయ్యమని ఆయన పోరు. ఒక వారం ఆయన మాట నచ్చేది, మరో వారం నాదే నచ్చేది. ఆఫీసు మీటింగుల్లో కూర్చుని పిడి బొమ్మలు గీసుకునేవాణ్ణి. చివరికి దసరా వెళ్ళాక తెచ్చిస్తానని పూత వేసే అతనికి చెప్పేశాను.

ఆ ఏడే మామయ్యగారు మా దగ్గరికి వచ్చారు. జిల్లా పోలీసుల్లో ఆయుధాల గది చూసుకుంటూ రిటైరైన మనిషి. మా మాల్సూ పార్కులూ ఆయనకి పట్టలేదు గానీ, పెట్టె తెరిచి రివాల్వర్ చూపించేసరికి వెన్ను నిటారైంది. "ఇంట్లో ఆయుధం పెట్టుకుని పూజ చెయ్యకపోతే ఎలా అల్లుడుగారూ?" అన్నారు. దసరా రోజు పీట మీద పట్టుగుడ్డ పరిచి, కారు తాళాల పక్కన, లాప్‌టాప్‌ల పక్కన దాన్ని పెట్టి, తడి గంధం రాసి, కుంకుమ అద్ది, పెరేడ్‌లో నిలబడ్డట్టు నిలబడి దణ్ణం పెట్టారు. పూజలో పెట్టిన ఆయుధాన్ని ఆ రోజు తుడవకూడదని, అదే గుడ్డలో చుట్టించి పెట్టెలో పెట్టించారు. మర్నాడు అందరం కారేసుకుని ఫ్లోరిడా వెళ్ళాం.

తిరిగొచ్చి గుడ్డ విప్పితే, గంధం తడి తగిలిన చోటల్లా ఉక్కు తుప్పు పట్టి గోధుమరంగు మచ్చలు. తుడిచినా పోలేదు, నూనె పెట్టి రుద్దినా పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వెనకే నిలబడి చూస్తున్న మామయ్యగారి మొహం చూశాక నూనెగుడ్డ పక్కన పెట్టేశాను.

"డ్యూటీలో ఉండగా పూజలో బొట్టు పెట్టడం వరకే మా పని. తెల్లారి తుడిచి నూనె పెట్టుకునేది జవాన్లు. ఆ సంగతే తట్టలేదు నాకు" అన్నారు. సర్వీసంతా ఆయుధాలకి తుప్పు పట్టకుండా కాపాడిన మనిషి ఆ పూట అన్నం కెలికి లేచిపోయారు. తిరుగు ప్రయాణం టికెట్ ముందుకి జరిపించమని కూతుర్ని అడిగారట.

నిజానికి నాకు దారి సులువే. ఎలాగూ మెరుగు పెట్టించాలనుకున్నదే, మచ్చలు దాంతోపాటే పోతాయి. ఆ మాటే చెప్పాను. "నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నారు లెండి" అని నవ్వారు. ఇక నేను పూత వేయిస్తే అది ఆయన తప్పు దిద్దడమే అవుతుంది, ఆ బాధ మోసుకునే ఆయన ఊరెళ్తారు. వేయించకపోతే ఆ మచ్చలు నా కంట్లో నలుసు. గ్యారేజీలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఆఖరికి పూత వేసే అతనికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. మామయ్యగారికి నూనెగుడ్డ ఇచ్చి, ఇది ఇలాగే ఉంటుంది, ఎలా చూసుకోవాలో మీరే నేర్పాలి అన్నాను. ఆ తర్వాత రోజూ కాఫీలయ్యాక ఇద్దరం పెట్టె తెరిచి కూర్చునేవాళ్ళం. టికెట్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఊరెళ్ళాక కూడా ఆదివారం ఫోన్‌లో, కూతురితోనూ మనవరాలితోనూ మాట్లాడటం అయ్యాక, నన్ను పిలిపించుకుని గొంతు తగ్గించి, మచ్చ ఎలా ఉందని అడిగేవారు. తగ్గుతోంది మామయ్యగారూ అనేవాణ్ణి. అది తగ్గనూ లేదు, పెరగనూ లేదు. కొన్నేళ్ళకి ఆయన పోయారు.

ఆ తర్వాత ఉద్యోగాలు మారాను, కార్లు మారాయి, ఆ ఇల్లు కూడా అమ్మేశాం. పక్కింటి పెద్దాయన ఎక్కడున్నాడో తెలియదు. చేతుల దురద నాకు ఇంకా తగ్గలేదు. ఏదో ఒకటి విప్పుతూనే ఉంటాను, బిగిస్తూనే ఉంటాను. కావాలంటే ఈ వారమే ఆ రివాల్వర్‌కి నికెల్ పూత వేయించుకోవచ్చు, నొచ్చుకునే మనిషి లేడు. లేడు కాబట్టే చెయ్యబుద్ధి కావడం లేదు.