దాపల అని అరిచిన కెప్టెన్

మణికండన్‌ని చూసి బాస్కెట్‌బాల్ ఆడతాడని ఎవరూ అనుకోరు. పొట్టివాడు. తమిళనాడులోని ధర్మపురిలో పాపిరెడ్డిపట్టి బస్సెక్కితే పైనున్న కమ్మీ అందక సీటు అంచు పట్టుకుని నిలబడే రకం. అయినా మూడేళ్లుగా కాలేజీ జట్టులో ఉన్నాడు, ఈ ఏడాది కెప్టెన్ కూడా అయ్యాడు. మార్కులు అంతంతమాత్రం, మాట నెమ్మది, క్లాసులో ఉన్నాడో లేడో పాఠం చెప్పేవాళ్లకే తెలియదు. సిమెంటు కోర్టులోకి దిగితే మాత్రం మిగతా నలుగురూ అతని మాట కోసమే చెవులప్పగిస్తారు. ఆ కోర్టు తప్ప తనకంటూ ఒక చోటు లేదని అతనికి బాగా తెలుసు.

ఆ కోర్టుకే ఈ ఏడాది ఎసరు వచ్చింది. కాలేజీ బస్సులు పెరిగాయి, ఎండకు రంగు వెలిసిపోతున్నాయి, వాటికి షెడ్డు కావాలి. కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు స్థలం వెతికి వెతికి చివరికి కోర్టు మీద కన్నేశారు. ఆటలు నేర్పే రాజమాణిక్కం సార్ వెళ్లి కాళ్లావేళ్లా పడితే, జోన్ కప్పు తెస్తే కోర్టు ఉంటుందని, తేకపోతే సెలవుల్లో షెడ్డు లేస్తుందని తేల్చి చెప్పారు. ఆయన మరీ చెడ్డవాడేం కాదు. ఆయన కంటికి బంతికన్నా బస్సు పెద్దది, అంతే.

మొదటి మ్యాచ్‌లోనే ప్రాణం మీదికొచ్చింది. బంతి ఎటు వెళ్లాలో చెప్పడం మణికండన్ పని. మామూలుగా ఏ జట్టయినా చేతి సైగలతో చెప్పుకుంటుంది. కానీ వీళ్ల ఆరడుగుల శక్తివేల్ రింగునే చూస్తాడు తప్ప ఎవరి చేతులూ చూడడు, కాబట్టి అరిచి తీరాలి. తమిళంలో అరిస్తే అవతలి వాళ్లకూ అర్థమైపోతుంది. రెండు మూడుసార్లు బంతి పోగొట్టుకున్నాక, కంగారులో మణికండన్ నోట ఒక కేక వచ్చింది.

"దాపల!"

అది ఇంట్లో తెలుగే మాట్లాడే వాళ్ల తాత మారెప్ప మాట. కాడికి కట్టిన ఎద్దుల్లో ఎడమది దాపల, కుడిది ఎలపల. చిన్నప్పుడు మనవణ్ణి బరువు కోసం గుంటక మీద కూర్చోబెట్టుకుని, తాత పొలమంతా ఆ రెండు మాటలతోనే నడిపేవాడు. తర్వాత ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు పోయాయి, మాటలు మాత్రం పిల్లవాడి నోట్లో మిగిలిపోయాయి. ఆ రోజు శక్తివేల్‌కీ అర్థం కాలేదు, అవతలి జట్టుకీ అర్థం కాలేదు, ఎలాగో మ్యాచ్ గట్టెక్కారు. సార్ తమిళంలో అదేమిటని అడిగారు. విని పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, రేపటి నుంచి అందరూ ఇదే నేర్చుకోవాలన్నారు.

అలా జట్టు జట్టంతా ఎద్దులైపోయింది. తెలుగు ముక్క రాని శక్తివేల్ కూడా దాపలంటే కళ్లు మూసుకుని ఎడమకు ఉరికేవాడు. ఒక్కో కాలేజీ ఓడిపోతూ వచ్చింది. మణికండన్ ఛాతీ పొంగింది, ఎందుకు పొంగదు? బళ్లో వెక్కిరిస్తారని, వీధిలో అమ్మ తెలుగులో పిలిస్తే తమిళంలో పలికినవాడు. ఇప్పుడు అదే మాట అందరి ముందూ గొంతెత్తి అరుస్తున్నాడు. అది తమకు తప్ప ఇంకెవరికీ తెలియదని నమ్మాడు కూడా.

అక్కడే పప్పులో కాలేశాడు. ఈ చుట్టుపట్ల తెలుగు ఇళ్లకేం తక్కువ? కానీ పేరు తమిళం, బడి తమిళం, సంతలో బేరం తమిళం. గడప దాటగానే అందరూ దాచేసుకునే భాష అది. అందుకే ఎవరికి వాళ్లు తామొక్కరమే అనుకుంటారు.

ఫైనల్ సేలంలో. ఆట సగం దాకా బాగానే సాగింది, వీళ్లదే పైచేయి. తర్వాత ఏదో తేడా కొట్టింది. మణికండన్ దాపల అంటాడు, బంతి ఎడమకు వెళ్లేలోపే సేలం జట్టు దినకరన్ అక్కడ నిలబడి ఉంటాడు. ఎలపల అంటే కుడివైపున వాడే. చూస్తుండగానే ఆధిక్యం కరిగిపోయింది. సార్ తమకున్న టైమౌట్లన్నీ శక్తివేల్‌ని తిట్టడానికే ఖర్చు పెట్టేశారు.

బంతి గీత దాటింది. దాన్ని లోపలికి విసరడానికి మణికండన్ అంచున నిలబడ్డాడు. దినకరన్ ఎదురుగా వచ్చి, చేతులు చాచి అడ్డం నిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"మా తాతకీ జత ఎద్దులు ఉన్నింది లేప్పా. అరుచు, ఇంగా గెట్టిగా అరుచు."

ఇల్లు దాటి బయట, తన ఈడువాడు తనతో తెలుగులో మాట్లాడడం మణికండన్‌కు అదే మొదటిసారి. ఒక్క క్షణం సంతోషమే కలిగింది. మరుక్షణం అసలు సంగతి తట్టింది. ఇంతసేపూ తమ గుట్టంతా తనే విప్పి వాళ్ల చేతిలో పెట్టాడు.

ఆ వెంటనే సేలం వాళ్లు ఇంకో బాస్కెట్ వేసి ఒక్క పాయింటు ముందుకు వెళ్లారు. మిగిలినవి కొన్ని సెకన్లు. శక్తివేల్ విసిరిన బంతి మణికండన్ చేతికొచ్చింది. టైమౌట్ లేదు, నలుగురికీ విషయం చెప్పే దారి లేదు. తమిళంలో అరిచినా తెలుగులో అరిచినా దినకరన్‌కు తెలిసిపోతుంది. తనే వెళ్లి వేద్దామంటే, ఇంత పొట్టివాడు రింగు దగ్గరికి పోతే బంతిని నెత్తిన కొట్టి లాక్కుంటారు. మూడేళ్లలో కీలకమైన బాస్కెట్ ఒక్కటీ అతను వేసింది కాదు. అతని కళ్లముందు కోర్టు మీద రేకుల షెడ్డు, దాని కింద వరసగా బస్సులు కనిపించాయి.

"దాపల!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

శక్తివేల్ ఎడమకు ఉరికాడు. మిగతా ముగ్గురూ అటే. వాళ్లందరికన్నా ముందు దినకరన్ ఉరికాడు, అతని వెనక సేలం జట్టంతా కదిలింది. మణికండన్ ఒక్కడే బంతితో కుడివైపు తిరిగాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆలస్యంగా తేరుకున్న ఒకడి చెయ్యి అతని వీపును రాసుకుంటూ పోయింది. ఎగిరి బంతిని బోర్డు మీదికి వదిలాడు. అది రింగు మీద పడి, అటా ఇటా అని కాసేపు ఊగిసలాడి, లోపలికి జారింది. విజిల్ మోగింది.

శక్తివేల్ ముందు కోపంగానే వచ్చాడు. ఎడమన్నావు కదా, ఖాళీగా నిలబడ్డాను కదా అని తమిళంలో అరుస్తూనే మణికండన్‌ని భుజం మీదికి ఎత్తుకున్నాడు. సార్ తువ్వాలులో మొహం దాచుకున్నారు. మణికండన్ కిందికి దిగి చూస్తే, కోర్టు ఎడమ మూలన దినకరన్ ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు. మణికండన్ అతని దగ్గరికి వెళ్లాడు.

"నిన్ను నమ్మినాను కదరా," అన్నాడు దినకరన్, తలెత్తకుండానే.

మణికండన్‌కు సిగ్గేసింది.

"ఓడిపోతే మా కోర్టు ఎత్తేసి బస్సులకి షెడ్డు కడ్తామన్నారు. నేనేం చేసేది?" అని చెయ్యి చాచాడు. "ఒకనాడు ధర్మపురికి రా. ఇంగ కోర్టు ఉంటాది. ఇద్దరం ఆడుదాం."

దినకరన్ ఆ చేతిని పట్టుకోకుండా తనే లేచాడు.

"వస్తాను," అన్నాడు. "వచ్చినాక నువ్వు దాపలంటే, నేను ఏ పక్క పోయేది?"