విడిదింటి కాఫీ

పెళ్ళికెళ్ళినా పార్కుకెళ్ళినా అమ్మణ్ణిగారి చేతిలో ఫోనూ, ఫోనులో లూడో ఉండాల్సిందే. రాజమండ్రి హైవే పక్కనున్న వాటర్ పార్కులో కుర్రకారంతా నీళ్ళలోకి దిగిపోతే, ఆవిడ తువ్వాళ్ళూ చెప్పులూ చుట్టూ పేర్చుకుని, కళ్ళజోడు ముక్కు కొసకు దించి కూర్చున్నారు. పందెం వేసే ముందు తెరను పమిట చెంగుతో ఒకసారి తుడుస్తారు. ఎవరితోనైనా ఆడతారుగానీ, పళ్ళు బిగించి ఆడేది మాత్రం వియ్యపురాలు హైమగారితోనే. కూతురి పెళ్ళిలో విడిదింటికి పంపిన కాఫీని ఒక్క గుక్క తాగి, “చల్లారిపోయిందండీ” అంటూ అందరి ముందూ తిప్పి పంపారు హైమగారు. మనవరాలు బడికెళ్ళే వయసుకొచ్చినా, అమ్మణ్ణిగారి కడుపులో ఆ కాఫీ మరుగుతూనే ఉంది.

“అమ్మా, పాప మొదటిసారి జారుతోంది, వీడియో తియ్యి!” జారుడుబల్ల పైనుంచి కూతురు అరిచింది. పక్క కుర్చీలో హైమగారు తన ఫోను ఒళ్ళో పెట్టుకుని, పాపకు చెయ్యి ఊపుతున్నారు. ఇద్దరూ ఆడుతున్న ఆటలో హైమగారి ఆఖరి కాయ ఇంట్లోకి మలుపు తిరగబోతోంది. సరిగ్గా అప్పుడే అమ్మణ్ణిగారికి కావలసిన పందెం పడింది. ఆవిడ తలెత్తలేదు. ఆ కాయను చంపి, అది మళ్ళీ మొదటికి పరుగెత్తుతుంటే కళ్ళారా చూసుకున్నారు.

“వీడియో బాగా వచ్చిందా అమ్మా?” నీళ్ళోడుతూ వచ్చి అడిగింది కూతురు.

అమ్మణ్ణిగారు వినిపించుకోలేదు. ఫోను చూసి నోరు తెరిచిన వియ్యపురాలి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు: “కాఫీ తెప్పించమంటారా వదినగారూ? ఈసారి పొగలు కక్కుతూ ఉంటుంది లెండి.”