దమ్ము పట్టు అన్న మాట

నేరేడుచర్ల దాటాక మా బస్సు టైరు పేలింది. డ్రైవరు ఫోన్లు చేస్తుంటే అందరం రోడ్డు పక్క తుమ్మల నీడకు చేరాం. కోదాడలో ఎక్కిన నాకు మిర్యాలగూడలో పనేమీ లేదు. ఏ ఊళ్ళోనూ ఉండదు. నా పక్కన కూర్చున్నాయన మాత్రం రెండు నిమిషాలకోసారి లేచి, వచ్చే బండ్లకు చెయ్యెత్తి, మళ్ళీ కూలబడుతున్నాడు. అరవై అయిదేళ్ళుంటాయి. యూరియా సంచితో కుట్టిన చేసంచిలోంచి వంకర తిరిగిన పచ్చ గొట్టమొకటి బయటికి కనిపిస్తోంది. మందు కొట్టే పంపుదా అని అడిగాను.

"కాదు సారూ. సముద్రంల మొకం ముంచి చేపలను సూసేటోళ్లు నోట్లె పెట్టుకునేది."

పాత కథల్లో రాజులు మడుగులో దాక్కుని తామరతూడుతో ఊపిరి పీల్చుకునేవారని నేనేదో ఎత్తుకోబోయాను. ఆయన వినే స్థితిలో లేడు.

పేరు రామనర్సయ్య. త్రిపురారం దగ్గర సాగర్ కాలువ తూముల మీద నీళ్ళు వదిలే లష్కరుగా ముప్పై ఏళ్ళు చేశాడు. కాలువలో కొట్టుకుపోయిన ఇద్దరు పిల్లల్ని తన చేతులతో బయటికి తీశాక, చుట్టుపక్కల పిల్లలకు బావుల్లో ఈత నేర్పడం మొదలుపెట్టాడు. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, మెట్టు మీద నిలబెట్టి, ముందుగా ఒకటే మాట చెప్పేవాడు: దమ్ము పట్టు. ఊపిరి బిగబట్టమని.

చిత్రమైన మాట ఇది. పారశీకంలో ఊపిరి. మన దగ్గరికొచ్చి ధైర్యమైంది, ఆయాసమైంది, బీడీ పీల్పయింది. కృష్ణ దాటితే వరిమడిని బురద చేయడమూ దమ్మే. అది ఈ మాటేనో వేరే మాటో నాకు తెలియదు.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే శంకర్ సేటు, భార్య ఆండాళు, పిల్లలిద్దరూ మర్నాడే అండమాన్ వెళుతున్నారు. గొట్టాలూ నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలూ తెప్పించి, నాలుగు రోజుల్లో పిల్లలకు నేర్పమని సేటు ఈయనకు అప్పగించాడు. పన్నెండేళ్ళ చైతన్యకు మొదటిరోజే వచ్చేసింది. తొమ్మిదేళ్ళ నిత్యకు రావడం లేదు. పోయిన వేసవిలో ఈయన దగ్గర ఈత అందరికన్నా ముందు నేర్చింది ఆ పిల్లే. గొట్టం పెట్టుకుని ముఖం ముంచగానే ఊపిరాపి ఉండిపోతుంది. ఆగలేక ఒక్కసారి గట్టిగా పీలుస్తుంది. గొట్టంలో చేరిన నీళ్ళు గొంతులో పడతాయి. మూడు రోజులూ ఇదే. ఏం చేయాలో తోచక, డబ్బాలో వచ్చిన ఇంగ్లీషు కాగితం పట్టుకుని పొద్దున్నే చిలుకూరులో టీచరుగా ఉన్న కూతురు చరిత దగ్గరికి వెళ్ళాడు. ఆమె చదివి చెప్పిన మొదటి వాక్యం: ఊపిరి ఎన్నడూ బిగబట్టవద్దు.

"నేనే నేర్పిన సారూ," అన్నాడు. "మొకానికి నీల్లు తాకితె దమ్ము పట్టాలె అని దాని పానంలకు ఎక్కిచ్చిన. ఇయ్యాల ఒక్క పూటుంది. ఆ అలవాటు తియ్యాలె."

మరి ఆ పిల్లవాడికెట్లా వచ్చిందన్నాను.

"వాడు నా మాట ఎన్నడిన్నడు?"

చివరికి ఒక ఆటో ఆగింది. నేనూ ఎక్కాను.

సేటు పొలంలో మెట్లబావి. సేటూ, తువ్వాలు పట్టుకుని ఆండాళూ గట్టు మీద ఉన్నారు. చైతన్య అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. రామనర్సయ్య నడుములోతు నీళ్ళలో దిగి, నిత్యను గొట్టంలోకి 'ఊ' అని కూత పెట్టమన్నాడు. కూత ఆగకపోతే ఊపిరీ ఆగదని ఆయన లెక్క. తల పైకి ఉన్నంతసేపూ పిల్ల చక్కగా కూసింది. ముఖం నీళ్ళకు తాకగానే ఆగిపోయింది. ఆయన చెవిని గొట్టం చివరకు దగ్గరగా పెట్టి వింటున్నాడు. ఏమీ వినబడటం లేదని ఆయన ముఖమే చెబుతోంది. తర్వాత దగ్గు, నీళ్ళు కక్కడం. ఆరుసార్లు, ఏడుసార్లు. బతిమాలాడు, కసిరాడు, తనే ముంచి చూపించాడు.

ఎనిమిదోసారి నిత్య దగ్గలేదు. చాలాసేపు ముఖం ముంచి, నవ్వుతూ పైకి లేచింది. సేటు చప్పట్లు కొట్టాడు.

"రాలేదు సేటూ," అన్నాడు రామనర్సయ్య. "పీల్సనేలేదు, దమ్ము పట్టి లేసింది. గాడ సముద్రంల అల కొడితె పీలుస్తది. పిల్లను పడవలనే కూసోబెట్టుండ్రి, నీల్లల్ల దింపకుండ్రి."

"నువ్వు నేర్పినదానికి నువ్వే బుగులువడ్తె ఎట్ల? గాడ గైడ్లుంటరు, జాకెట్లుంటయ్," అన్నాడు సేటు.

"జాకెట్టు మనిషిని తేలుస్తది. గొట్టంల నీల్లనాపదు."

ఆండాళు భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే ఫోనులో కూతురి ఫొటో తీస్తున్నాడు. ఆమె తువ్వాలు మడత పెట్టింది.

రామనర్సయ్య పిల్లకేసి తిరిగి, సముద్రంలో దిగనని తనకు మాటియ్యమన్నాడు.

"ఎందుకు తాతా? ఇగ నీల్లు మింగ," అంది నిత్య. "ఎంతసేపైనా దమ్ము పడ్త. నువ్వు సెప్పినట్టే."

ఆయన తన చేతిలోని అద్దాలు మెట్టు మీద పెట్టాడు. తడి లుంగీ పిండుకోకుండానే మెట్లెక్కాడు. సేటు పిలిచినా తిరగలేదు. పోతున్నానని ఆయనకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. బావిలో నిత్య మళ్ళీ ముఖం ముంచింది. చైతన్య చెల్లెలి కోసం గట్టిగా అంకెలు లెక్కపెడుతున్నాడు. ఇరవై ఎనిమిది దాటింది. రామనర్సయ్య త్రిపురారం రోడ్డెక్కి, ఎదురుగా ఆగిన ఆటోను కూడా చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.