ద్వాలమ్మ కుట్టిన గ్లౌజులు

మా బేస్‌బాల్ జట్టు గురించి ఎవరు అడిగినా నేను స్కోర్లతో మొదలుపెట్టను, మా హాస్టల్ వంటమనిషి ద్వాలమ్మతో మొదలుపెడతాను. ఆటల మాస్టారికి వంటింటి కబుర్లెందుకని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకేం నామోషీ లేదు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న గిరిజన బాలికల బడి మాది. నా సొంతూరు మధిర. 2003లో హైదరాబాదులో పది రోజుల శిక్షణకు పంపిస్తే ఒక బ్యాటు, నాలుగు బంతులు, చేతికి తొడిగే తోలు గ్లౌజు ఒకటి, మోయలేనంత ఉత్సాహం వెంటబెట్టుకుని వచ్చాను. బ్యాటు చూసి ద్వాలమ్మ, "ఏంది సారూ, బట్టలుతికే కట్టె తెచ్చినవా?" అంది. పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఏడాది కారేపల్లిలో మా మొదటి మ్యాచ్ జరిగింది. ఇరవై రెండుకి సున్నా. ఆ సున్నా కోసం మేమెంత కష్టపడ్డామో చూసినవాళ్ళకే తెలుసు. గ్లౌజు ఒక్కటే కాబట్టి రాయిలాంటి బంతిని తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఒట్టి చేతులతో పట్టారు. మర్నాడు మధ్యాహ్నం అరచేతులు వాచి, పిల్లలు ముద్ద కలపలేక కంచాల ముందు కూర్చుండిపోయారు.

"గిదేం ఆట సారూ? పిల్లల చేతులు చూసినవా?" అని ద్వాలమ్మ గరిటె పట్టుకునే నా మీదికొచ్చింది.

గ్లౌజులు లేవని, మా బడికి అన్ని గ్లౌజులు కొనే స్తోమత లేదని చెప్పాను. మా పిచర్ దుర్గకు, అంటే బంతి విసిరే అమ్మాయికి, అసలు బజార్లోనే దొరకదని కూడా చెప్పాను. దుర్గ కోయగూడెం పిల్ల. జొన్నచేలో చిలకల్ని రాళ్ళతో తరిమి తరిమి అబ్బిన విసురు ఆమెది. పైగా ఎడమచేతి వాటం. గ్లౌజు తొడిగేది విసరని చేతికి కాబట్టి ఆమెది కుడిచేతికి ఉండాలి. అలాంటిది ఖమ్మంలో ఏ దుకాణంలోనూ లేదు.

ద్వాలమ్మ నా గ్లౌజు అడిగి తీసుకుంది. సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి చూస్తే అది ముక్కలు ముక్కలుగా పీటమీద పరిచి ఉంది!

"విప్పకుంట ఎట్ల తెలుస్తది సారూ, లోపల ఏమున్నదో?" అంది, అదేదో వంకాయ కోసినట్టు.

తండాలో పెళ్ళికూతుళ్ళ లంగాలకు అద్దాలు కుట్టిన చెయ్యి అది. మొగుడు దేవ్లా పోయాక ఆ సూదితోనే ఇల్లు నెట్టుకొచ్చి, తర్వాత మా వంటింట్లో చేరింది. బస్సుల షెడ్డులో పారేసిన సీట్ల నల్ల రెక్సిన్ తెప్పించింది. లోపల పాత కంబళి ముక్కలు పెట్టింది. దబ్బనంతో మూడు నెలల్లో తొమ్మిది గ్లౌజులు కుట్టింది. "అద్దాలు గిద్దాలు పెట్టకమ్మా" అని నేను ముందే చెప్పాను. సరేనని తలూపింది.

2004లో మాకు మొదటి పరుగు వచ్చింది. ఒక్క పరుగుకే పిల్లలు మైదానం చుట్టూ ఊరేగారు. 2005లో మొదటి గెలుపు. 2006 డిసెంబరులో, అదీ మా మధిరలో, జిల్లా ఫైనల్. అవతల ఖమ్మం పట్నం జట్టు. అందరి చేతులకూ కంపెనీ గ్లౌజులు. మా పిల్లల చేతులు చూసి నా చిన్ననాటి స్నేహితుడే, "ఏం బాలకృష్ణా, బియ్యం సంచులు తెచ్చావేంటి?" అన్నాడు.

ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి మేము ఆరు, వాళ్ళు అయిదు. దుర్గ ముగ్గుర్ని ఔట్ చేయిస్తే కప్పు మాది. పొద్దు బాగా వాలింది. బ్యాటు పట్టిన అమ్మాయి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "సార్, ఆ గ్లౌజు మెరుస్తోంది" అంది.

అంపైరు వెళ్ళి దుర్గ గ్లౌజు తిప్పి చూశాడు. మణికట్టు పట్టీ అంచున చిటికెనవేలి గోరంత అద్దం! ఇన్నాళ్ళూ మట్టి పట్టి నా కంట పడలేదు. ఫైనల్ కదా అని ద్వాలమ్మ ఆ పొద్దున గ్లౌజులన్నీ తుడిచి తళతళలాడించింది.

"పిచర్ గ్లౌజు మీద మెరిసేవి ఉండకూడదు. తీసేయండి, లేకపోతే ఇంకో గ్లౌజు తెండి" అన్నాడు అంపైరు.

ఇంకో కుడిచేతి గ్లౌజు రెండు జట్లలోనూ లేదు. దుర్గ తప్ప మాకు ఇంకో పిచరూ లేదు. ఆటకు ముందు గ్లౌజులు చూసుకోవలసింది నేను. అయినా పిల్లలకు వండిపెట్టడానికి మా వెంట వచ్చి గట్టున కూర్చున్న ద్వాలమ్మ మీద విరుచుకుపడ్డాను.

"వద్దని చెప్పానా లేదా? మా ఊళ్ళో నా పరువు తీశావు కదమ్మా!"

ఆమె మొహం చిన్నబోయింది. "అందరికి పెట్టలే సారూ, గీ పిల్లకొక్కదానికే పెట్టిన. ఆటంత అందరి కండ్లు దీని మీదనే ఉంటయి. దిష్టి తగలదా?" అంది. ఆ తర్వాత నావైపు చూడలేదు. తిన్నగా అంపైరు దగ్గరికి నడిచింది. "ఎంతసేపు ఆగుతరు సారూ?"

"పది నిమిషాలమ్మా."

మైదానం మధ్యలో చతికిలబడి రవికెకు గుచ్చుకున్న సూది తీసింది. అద్దం కుట్టూ పట్టీ కుట్టూ ఒకటే. అద్దం ఊడగానే పట్టీ వేలాడింది. ఆమె దగ్గరున్నది ఎర్రదారం ఒక్కటే. అంపైరు తల అడ్డంగా ఊపాడు. గ్లౌజు రంగు దారమే వాడాలట.

పరాయి మగవాళ్ళ ముందు ద్వాలమ్మ తలమీది కొంగు జారడం నేను ఏనాడూ చూడలేదు. ఆ రోజు అంతమంది జనం ముందు కొంగు తీసింది. జడకుచ్చుల్లోంచి నల్ల ఉన్నిదారం లాగింది. జుట్టు భుజాల మీద పడుతున్నా పట్టించుకోకుండా పట్టీ కుట్టి, దారం పంటితో కొరికి, గ్లౌజు దుర్గకు తొడిగింది.

"జల్దీ కానియ్యి బిడ్డా, అన్నం చల్లారుతది."

మొదటి అమ్మాయి మూడు బంతుల్లో ఔటైంది. రెండో అమ్మాయి గాల్లోకి లేపితే మా జట్టు పిల్ల సోని పరుగెత్తి పట్టింది. మూడో అమ్మాయి బలంగా కొట్టింది. బంతి నేరుగా దుర్గ మొహం మీదికే వచ్చింది. కుడిచెయ్యి అడ్డం పెట్టింది. దెబ్బకు పిల్ల వెనక్కి పడిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దుర్గ నేలమీద పడి ఉండే చెయ్యి పైకెత్తింది. గ్లౌజులో బంతి ఉంది. పట్టీ ఊడలేదు.

పెద్దవాణ్ణి, ఏడవకూడదు. ఏడ్చాను. ద్వాలమ్మ దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదేనమ్మా, నోరు జారాను" అన్నాను.

"అవ్, నీదే," అంది జడ అల్లుకుంటూ.

ఫోటోలాయన వస్తే పిల్లలు ఆమెను మధ్యలోకి లాక్కెళ్ళారు. నేను కప్పు తెచ్చి దుర్గకు ఇవ్వబోయాను. ద్వాలమ్మ నా చేతిలోంచి తీసుకుని తన కాళ్ళ వెనక నేలమీద పెట్టేసింది.

"గా కప్పు అందరికి ఉంటది సారూ. ఏయ్ పోరిలూ, చేతులు లేపుండ్రి!"

ఆ ఫోటో ఇప్పటికీ మా బడి గోడమీద ఉంది. దాంట్లో కప్పు ఎక్కడా కనబడదు. తొమ్మిది గ్లౌజులు కనబడతాయి.