అమ్మ గోగు, నా గురుగు

దేవుడి బల్ల మీద పెట్టిన అర్పణని ఆ పూటే ఫినాయిలు పోసి పాతిపెట్టించిన మొనగాడు మా కంచరపాలెం సంఘంలో ఒక్కడే ఉన్నాడు. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది వాడే. నవ్వండి, పరవాలేదు. ఉంటే అందరికన్నా ముందు మా అమ్మే నవ్వేది.

మేముండేది మేడమీద వాటా. ముందున్న డాబా మీద, పాత నీళ్ల డ్రమ్ములో అమ్మ గోంగూర వేసింది. అప్పటికే ఆమెకి గుండె నీరసం, కళ్లకి మసక. ఒక్కటే కోరిక. తాను పెంచిన గోంగూర కట్టని తన చేత్తోనే గుడిలో బల్ల మీద పెట్టాలి.

గోంగూరతోపాటు డ్రమ్ములో ఇంకో మొక్క లేచింది. ఆకు ఇంచుమించు గోగాకే, ఎత్తు మాత్రం బైబిల్లో ఆ మహాకాయుడు గొల్యాతే. అమ్మ తడిమి, వాసన చూసి, ముఖం చిట్లించింది.

"ఒరే, ఈ పొడుగుదాన్ని పీకీరా. మిగతావాటి సారమంతా తినేత్తంది."

సండే స్కూలు టీచర్ని, ఊరుకుంటానా? "బైబిల్లో, గోధుమల్లో గురుగులు, అదే కలుపు, మొలిస్తే యజమాని ఏటన్నాడమ్మా? కోతదాకా రెండూ ఎదగనీమన్నాడా, లేదా?"

"ఆ మాటన్నాయన దేవుడురా నాయనా. నువ్వు కాదు."

నేను పీకలేదు. ఎందుకంటే, గురుగని అమ్మ ముందు మాటవరసకే అన్నాను. లోపల మాత్రం అది దేవుడు ప్రత్యేకంగా దీవించిన గోంగూర అనే నమ్మాను. పోయినేడు గుడిలో పంటలు అర్పించే కోత పండుగలో సంఘపెద్ద దేవదానం గారి గుమ్మడికాయకి పడిన చప్పట్లు నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి మరి.

పక్క గదిలో సంతోష్ అని ఒకడు అద్దెకుండేవాడు. పోర్టులో కాంట్రాక్టు పని. ఆ మొక్కకి పొద్దున్నే నీళ్లు పోసేవాడు, ఆకులు తుడిచేవాడు, గాలేస్తే కర్రకి కట్టేవాడు. అంత భక్తి నేను మా యూత్ మీటింగుల్లో కూడా చూడలేదు. వాడి మనసు ప్రభువు వైపు తిరుగుతోందనుకుని కన్నీళ్లతో ప్రార్థించాను కూడా.

వానలు తగ్గాయి. ఎప్పుడు కొయ్యాలన్న దానిమీద డాబా మీద రెండు పక్షాలు తయారయ్యాయి.

"గోగు పూత రాకముందే కొయ్యాల. ఈ ఆదివారమే ఎల్దుం. నన్ను ఆటో ఎక్కించీ సాలు, కట్ట నాను అట్టుకుంటాను," అనేది అమ్మ.

"తొందరపడకు బావా. పూత బాగా రానీ, రంగు తిరగనీ. ఎప్పుడు కొయ్యాలో నాను సెప్తాను కదా," అనేవాడు సంతోష్.

"పూతొత్తే ఆకు ముదిరిపోద్దంట, మా అమ్మంటంది."

"దీనికి పూతే ముఖ్యం బావా!"

గోంగూరలో పూత కోసం కాచుకు కూర్చున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చూశాను. అయినా అనుమానం రాలేదు. గుమ్మడికాయ కళ్లకి అడ్డం పడితే ఇంకేం కనిపిస్తుంది?

దసరా వెళ్లాక ఒక శనివారం అమ్మ మళ్లీ అడిగింది. "రేపెల్దుమేటిరా?"

"పండగ దగ్గిరికొచ్చేసిందమ్మా. ఇంకొక్క రెండు వారాలు. మన మొక్క సూసి అందరూ నోరెల్లబెట్టాల."

"దేవుడికి పెట్టింది అందరూ సూడాలేటి?" అని నవ్వింది. "నీకు రెండు వారాలేరా. మరి నాకో?"

ఆ వారంలోనే, తెల్లారగట్ల, నిద్రలోనే వెళ్లిపోయింది. కోత ఎప్పుడా అని నేను లెక్కలు కడుతూ కూర్చున్నాను. కోత కోసే ముందు యజమాని నన్ను అడగలేదు.

పండుగ నాటికి అమ్మ గోంగూర ముదిరి, పురుగు పట్టి, కర్రలై నిలబడింది. మిగిలింది పొడుగుదే. సంతోష్ ఉంటే ఇంకా ఆగమంటాడు; పండుగ పొద్దున వాడు ఊళ్లో లేకపోవడం చూసి వేళ్లతో సహా పెకలించాను. ఆటోలో నా పక్కన, అమ్మ కూర్చోవాల్సిన చోట నిలబెట్టి గుడికి తీసుకెళ్లాను. బల్ల ముందు పెట్టి, "మా అమ్మ పంట" అన్నాను. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి దీర్ఘంగా ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది, ఒక్క దేవదానం గారు తప్ప. ఆయన ఎక్సైజులో చేసి రిటైరయ్యారు.

ఆయన లేచొచ్చి, ఆకు నలిపి, వాసన చూసి, నా చెవిలో అన్నారు: "సర్వీసంతా దీన్ని తగలెట్టాను బాబూ. దీవించడం ఇదే మొదటిసారి సూత్తన్నాను."

"గోగు కదండీ?"

"గంజాయి."

గుడి వెనక గొయ్యి తవ్వారు. మొక్కని తుంపి, ఫినాయిలు పోసి, మట్టి కప్పారు. మట్టి పడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. "మొక్క కోసం ఇంత ఏడుపేటయ్యా?" అని దేవదానం గారు అనుమానంగా చూశారు. ఆ నెలలో నేను మట్టి కప్పించింది అది రెండోసారని ఆయనకెలా చెప్పను?

ఇంటికొస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఇది చెప్తే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. మెట్లెక్కుతూ, "అమ్మా, ఏటయిందో తెలుసా" అని కేకేశాను కూడా. డాబా మీద డ్రమ్ముంది. సంతోష్ గదికి తాళముంది. వాడు మళ్లీ కనపడలేదు.

ముదిరిన గోంగూర మొదలు దగ్గర మాత్రం ఎర్రటి లేత చిగురు వచ్చింది. గుప్పెడు కూడా లేదు. ఆ మరుసటి ఆదివారమే దాన్ని కోసి, చప్పట్లు కొట్టేవాళ్లెవరూ రాకముందే వెళ్లి బల్ల మీద పెట్టాను.

కాబట్టి ప్రభువు ఎదుట, సంఘం ఎదుట, దేవదానం గారి ఎదుట ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పక్క గదివాళ్ల దగ్గర వ్యవసాయ సలహాలు తీసుకోను. వాసన చూడకుండా దేన్నీ దీవెన అనుకోను. అమ్మ ఈ ఆదివారం అంటే, ఈ ఆదివారమే.

చివరి మాట తప్పే అవకాశం నాకిక లేదు.