బావమరిదికి తెలియని ఆయిల్

నేను రాసే ప్రతిదాన్నీ మీరు నాలుగుతో భాగించుకోవాలి. మా ఆవిడ ఎనిమిదితో భాగిస్తుంది.

తెనాలిలో రేపల్లె రైలెక్కితే, ఎదుటి సీట్లో ఏనుగు పిల్లంత మనిషి ఒక ఆయిల్ డబ్బాని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“నా టూ స్ట్రోక్ బండికండి. తెనాలిలో స్టార్ట్ చేస్తే బాపట్లలో కుక్కలు మొరిగేవి. నిన్న మా బావమరిది చెప్పకుండా రేపల్లె పట్టుకుపోయాడు. పెట్రోల్లో ఆయిల్ కలపాలని వాడికి తెలీదు. ఉత్త పెట్రోలు కొట్టించాడంటే ఇంజను పట్టేస్తుందండి.”

“అన్నగారూ, ఫోన్ చేసి చెప్పొచ్చుగా?” అన్నాన్నేను.

“జన్మలో వాడితో మాట్లాడనని ఒట్టేసుకున్నానండి. పట్టేస్తే పట్టేసిందిలే, నడిరోడ్డు మీద తోసుకుంటూ చస్తాడనుకున్నా. కానీ పొద్దున్నుంచీ ముద్ద దిగలేదు. వాడు చెడాలిగానీ, బండేం చేసిందండి పాపం?”

వేమూరు దాటాక కళ్లు తుడుచుకుని, వాణ్ణి క్షమించేశానన్నాడు. రేపల్లెలో రైలు పూర్తిగా ఆగకముందే దూకాడు. ప్లాట్‌ఫారం వంగింది.

ఏనుగు పిల్లా, కన్నీళ్లూ, ప్లాట్‌ఫారం వంగడం కూడా నిజమే. నేను కల్పించింది ఆ క్షమాపణ ఒక్కటే. నిజానికి అతనన్నది ఇది:

“మాట్లాడనని ఒట్టేశానుగానీ, రోజూ తెల్లారేసరికి తెనాలి నుంచి వచ్చి వాడి కిటికీ కింద బండి స్టార్ట్ చెయ్యనని ఒట్టెయ్యలేదుగదండీ!”